పువ్వు మీది అమ్మాయి

"అలివేలు అంటే అర్థం ఏమిటి?" అని ఎవరినైనా అడిగి చూడండి. "వెంకటేశ్వరస్వామి భార్య పేరు" అంటారు. ఇంకొంచెం తెలిసినవాళ్ళు "లక్ష్మీదేవి" అంటారు. రెండూ నిజమే. కానీ అది ఎవరి పేరో చెప్పినట్టు అయింది గానీ, ఆ మాటకి అర్థం చెప్పినట్టు కాలేదు. సరోజ, కమల, నీరజ... వీటి అర్థాలు టకటకా చెప్పేస్తాం. పద్మావతి అంటే పద్మాలు కలది అనేస్తాం. అలివేలు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాం. 'అలి' అంటే తుమ్మెద కదా, మరి 'వేలు' ఏమిటి? తుమ్మెద వేలా? వేల తుమ్మెదలా?

మా నాయనమ్మది ఈ పేరే. రేషన్ కార్డులో అలివేలమ్మ. ఊళ్ళో సగం మందికి అలివేలత్త, మిగతా సగం మందికి మంగత్త. ఒకే మనిషికి ఈ రెండు పేర్లూ ఎలా వచ్చాయని చిన్నప్పుడు ఎవరమూ అడగలేదు. 'అలివేలు మంగ' అన్నది ఒకటే పేరు కాబట్టి, ఎవరికి అందిన ముక్క వాళ్ళు పట్టుకుని పిలిచారు.

ఇక్కడ అమెరికాలో మా టీములో ఒక తమిళ మిత్రుడు ఉన్నాడు. ఒకరోజు భోజనాల దగ్గర మాటల్లో మా నాయనమ్మ పేరు చెబితే, ఇందులో అడగడానికి ఏముంది అన్నట్టు మూడు ముక్కలుగా విరిచి చూపించాడు. అలర్, మేల్, మంగై. అలర్ అంటే విచ్చిన పువ్వు. మేల్ అంటే మీద. మంగై అంటే పడుచు. పువ్వు మీద ఉన్న అమ్మాయి. తామర మీద కూర్చున్న లక్ష్మి అన్నమాట. తమిళుడికి ఇది పేరు కాదు, అచ్చమైన వాక్యంలా వినిపిస్తుంది. మనకి మాత్రం పేరుగా మిగిలి, వాక్యం మాయమైపోయింది.

నిజానికి అంతగా మాయం కాలేదు కూడా. 'అలరు' మన మాటే. పాత కావ్యాల్లో అలరు అంటే పువ్వు. పువ్వులు విల్లుగా ఉన్నవాడు కాబట్టి మన్మథుణ్ణి 'అలరువిల్తుడు' అన్నారు. పువ్వు విచ్చుకోవడమూ అలరడమే, మనసు విచ్చుకోవడమూ అలరడమే. "సినిమా ప్రేక్షకులను అలరించింది" అని రోజూ పేపర్లో చదువుతున్నామే, అందులో ఉన్నది ఈ పువ్వే. 'మేలు' కూడా మనదే. మేలిముసుగు, మేలుకట్టు లాంటి మాటల్లో 'పైన' అనే పాత అర్థం ఇంకా కనిపిస్తుంది. 'పైది' అన్నది 'మంచిది'గా మారాక ఇప్పుడు మేలు అంటే మంచి అనే అనుకుంటున్నాం. ఒక్క 'మంగై' మాత్రమే పూర్తిగా తమిళం. తమిళ కవులు ఆడవాళ్ళ వయసుని ఏడు దశలుగా చెబుతారు. అందులో మూడోది మంగై. పన్నెండు పదమూడేళ్ళ పిల్ల.

మరి అలర్ మేల్ మంగై అలివేలు మంగ ఎలా అయింది? ఇది ఎవరో ఒకరు కూర్చుని మార్చింది కాదు. తెలుగు నోట్లో పడ్డ ప్రతి మాటకీ జరిగేదే దీనికీ జరిగింది. మనకి మాట చివర అచ్చు కావాలి. తమిళంలో ఊర్, మనకి ఊరు. అక్కడ కాల్, పాల్, ఇక్కడ కాలు, పాలు. అలాగే మేల్ కాస్తా మేలు అయింది. తమిళంలో మాట చివర 'ఐ' ఉంటే మన దగ్గర 'అ' ఉంటుంది. తలై మనకి తల, మలై మనకి మల. తిరుమలై తిరుమల అయినట్టే మంగై మంగ అయింది. అలర్ లో చివరి 'ర్' పక్కనున్న మకారానికి చోటిచ్చి తప్పుకుంది. ఈ తప్పుకోవడం తమిళుల నోట్లోనూ జరిగింది, వాళ్ళకీ అలమేలు ఉంది. ఇక అలమేలు అలిమేలై, అలిమేలు అలివేలు కావడం మన ఇళ్ళలో జరిగింది. మామయ్యని మావయ్య అని పిలిచే నోరు, మామిడిపండుని మావిడిపండు అనే నోరు, అలిమేలుని అలివేలు అనకుండా ఉంటుందా?

అలివేణి అనే మాట ఒకటి ఉంది, దీనితో కలిపేయకండి. అది సంస్కృతం. తుమ్మెదల బారులాంటి నల్లని జడ కలది అని అర్థం. అలివేణిలో తుమ్మెద ఉంది గానీ అలివేలులో లేదు. అలివేలులో ఉన్నది పువ్వు.

ఈ పేరు ఎంత పాతదో చెప్పడానికి నమ్మాళ్వారు దగ్గరికి వెళ్ళాలి. ఆయన కాలం సుమారుగా 8-9 శతాబ్దాలు. నాలాయిర దివ్యప్రబంధంలో ఆయన 'తిరువాయ్ మొళి' ఉంది. అందులో ఆరో శతకంలోని పదో దశకం మొత్తం తిరువేంగడం, అంటే మన తిరుమల, స్వామి మీద చెప్పింది. ఆ దశకంలో పదో పాశురంలో అలర్మేల్ మంగై పేరు వస్తుంది. క్షణం కూడా విడిచి ఉండలేక స్వామి గుండె మీదే ఉండిపోయినదిగా ఆమెని చెబుతాడు ఆళ్వారు. శ్రీవైష్ణవులు శరణాగతికి ప్రమాణంగా చెప్పుకునే పాశురం అది. కొండ మీద అమ్మవారికి విడిగా గుడి లేకపోవడం, స్వామి వక్షస్థలం మీదే ఆమె ఉండడం, విడి గుడి కింద తిరుచానూరులో ఉండడం మనకి తెలిసిందే. ఆ తిరుచానూరుకే అలమేలుమంగాపురం అని ఇంకో పేరు.

ఆ ఊళ్ళో ఇప్పుడు ఎక్కువగా వినిపించేది పద్మావతి అమ్మవారు అనే పేరు. పద్మసరోవరంలో తామరపువ్వులో, కార్తీక శుద్ధ పంచమి నాడు అమ్మవారు కనిపించిందని కథ. ఇప్పటికీ ఆ రోజున పంచమీ తీర్థానికి జనం విరగబడతారు. పద్మావతి అన్నా, అలర్మేల్ మంగై అన్నా చెబుతున్నది ఒకే తామర గురించి. ఒకటి సంస్కృతంలో, ఒకటి తమిళంలో. మూడోది, అలివేలు, తెలుగువాళ్ళ నోట్లో అరిగి నునుపు తేలిన రూపం.

తెలుగు దేవుడికి తమిళ పేరున్న భార్య ఏమిటి అని ఎవరికైనా అనిపిస్తే, ఆ కొండ ఎక్కడుందో గుర్తు చేసుకోవాలి. తొల్కాప్పియం అనే ప్రాచీన తమిళ వ్యాకరణానికి ఒక ముందుమాట పద్యం ఉంది. తమిళం మాట్లాడే నేలకి ఉత్తరాన హద్దు వేంకటం, దక్షిణాన హద్దు కుమరి అని అందులో చెబుతారు. అంటే తమిళం ఆగేదీ తెలుగు మొదలయ్యేదీ ఆ కొండ దగ్గరే. తిరుమల గుడి గోడల మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలోనే ఉన్నాయి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. తిరుపతి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్ళింది. మనం గీతలు గీసుకున్నది నిన్న మొన్న. ఈ పేరు ఆ గీత పుట్టక వందల ఏళ్ళ ముందే ఇటు వచ్చేసింది.

ఒక్క ఈ పేరే కాదు, దీనితోపాటు ఒక చిన్న ఊరేగింపే వచ్చింది. రామానుజుల సంప్రదాయం తెలుగు నేల మీద పాకినకొద్దీ తమిళ పేర్లు మన ఇళ్ళలోకి దిగాయి. నాచ్చియార్ అంటే దొరసాని, అమ్మవారు. ఆ మాట మన దగ్గర నాంచారి అయింది, దానికి ఒక అమ్మ చేర్చి నాంచారమ్మ అన్నాం. ఆండాళ్ కి చివర ఉకారం తగిలించి ఆండాళ్ళు చేసుకున్నాం. తాయార్ అంటే తమిళంలో గౌరవంగా అమ్మ. అది మనకి తాయారు అయింది. అంతటితో తృప్తి పడక తాయారమ్మ అన్నాం, అంటే 'అమ్మమ్మ' అన్నట్టు! మంగతాయారు అంటే మంగై, తాయార్ రెండూ కలిసిన పేరు. తమిళం ముక్క రానివాళ్ళు కూడా ఈ పేర్లు పెట్టుకున్నారు. శ్రీవైష్ణవుల ఇళ్ళకే పరిమితం కాలేదు. వెంకటేశ్వర్లు, వెంకయ్య, తిరుపతయ్య లేని కులం లేదు, మంగమ్మ లేని కులమూ లేదు.

ఇలా వచ్చినామెకి మన భాషలో ఇల్లు కట్టినవాడు తాళ్ళపాక అన్నమయ్య (1408-1503). ఆయన గురించి మనకి తెలిసిన జీవిత కథ చాలావరకు మనవడు చిన్నన్న రాసిన 'అన్నమాచార్య చరిత్రము' అనే ద్విపద కావ్యం వల్ల తెలిసిందే. పిల్లవాడిగా అన్నమయ్య తిరుమల ఎక్కుతూ మోకాళ్ళ పర్వతం దగ్గర అలసిపోయి వెదురుపొద కింద పడుకుంటాడు. అప్పుడు అలమేలుమంగ వచ్చి, ఈ కొండంతా సాలగ్రామాలే, చెప్పులు విడిచి ఎక్కు నాయనా అని చెప్పి, ప్రసాదం తినిపిస్తుంది. ఆ ఉత్సాహంలోనే అతను ఆమెని పొగుడుతూ వేంకటేశ్వర శతకం చెప్పాడని కథ. ఈ కథలో అన్నమయ్యకి ముందు కనిపించింది స్వామి కాదు, ఆకలేసిన పిల్లాడికి అన్నం పెట్టిన అమ్మ.

ఆ తరువాత ఆయన శృంగార సంకీర్తనల్లో ఆమె అలుగుతుంది, దెప్పుతుంది, సిగ్గుపడుతుంది, చెలికత్తెలతో కబురు పంపుతుంది. తెలుగిళ్ళ మాటలతో, తెలుగిళ్ళ ఎత్తిపొడుపులతో మాట్లాడుతుంది. తమిళ పాశురంలో స్వామి గుండె మీద నిలిచిన ఆమె, ఇక్కడ మన వీధిలో అమ్మాయి అయింది.

ఈ పేరు గురించి నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించిన సంగతి ఇక్కడే ఉంది. అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి గుడిలో సంకీర్తన భండారంలో పెట్టారు. మనకి దక్కినవే 12 వేలకు పైగా. ఆ రేకులు శతాబ్దాల పాటు ఆ అరలోనే ఉండిపోయాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వెలుగు చూశాక, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల చేతుల మీదుగా పుస్తకాలయ్యాయి. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో క్యాసెట్లుగా ఇంటింటికీ చేరాయి. (తమిళ పేరుగల అమ్మవారి మీద తెలుగు పాటలు, పాడింది మదురైలో పుట్టిన గాయని. లెక్క సరిపోయింది.) మరి ఆ రేకులు చీకట్లో ఉన్న ఆ నాలుగు శతాబ్దాలూ అలివేలు మంగ ఎక్కడుంది? గుడిలో ఉంది, సరే. ఇంకా ఎక్కడుంది? పొలం గట్ల మీద, బావుల దగ్గర, వంటిళ్ళలో ఉంది. "ఒసేయ్ అలివేలూ" అని ఒక తల్లి కేకేస్తే పలికిన ప్రతి పిల్లలోనూ ఉంది. పాటలు రాగి మీద నిలిస్తే పేరు నోళ్ళలో నిలిచింది. దానికి పండితుల అవసరం రాలేదు. చదువురాని ఆడవాళ్ళు ఒకరి నుంచి ఒకరికి అందించారు, మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టుకునే అలవాటు వల్ల.

తెలుగు నేల దాటినా ఈ పేరుకి చరిత్ర ఉంది. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నాన్ని విజయనగర ప్రతినిధి చేతుల్లోంచి తీసుకున్నాడు. ఆ ప్రతినిధి భార్య అలమేలమ్మ. అమ్మవారికి అలంకరించే నగల కోసం సైనికులు వెంటపడితే, ఆమె కావేరిలో దూకుతూ మూడు మాటలని శపించిందని మైసూరు వైపు చెప్పుకుంటారు. తలకాడు ఇసుక కావాలి, మాలంగి మడుగు కావాలి, మైసూరు రాజులకి పిల్లలు పుట్టకూడదు. శాపం సంగతి ఎలా ఉన్నా తలకాడులో ఇసుక దిబ్బలు మాత్రం ఉన్నాయి, గుళ్ళు అందులోంచి తవ్వి తీసినవే. మదురైలో ఇంకో మంగమ్మ. తెలుగు నాయకరాజుల ఇంటి కోడలు. 1689 నుంచి పసివాడైన మనవడి తరఫున మదురై రాజ్యాన్ని ఏలింది. తమిళులు ఆమెని రాణి మంగమ్మాళ్ అంటారు. ఆమె పేరుతో చెప్పుకునే తముక్కం భవనంలోనే ఇప్పుడు గాంధీ మ్యూజియం ఉంది. తమిళ మంగై తెలుగులో మంగమ్మ అయి, తిరిగి తమిళానికి వెళ్ళి మంగమ్మాళ్ అయిందన్నమాట.

ఇంత తిరిగిన పేరు మన కళ్ళ ముందే ఆగిపోయింది. మంగమ్మ కాస్త గట్టిది, కొన్నాళ్ళు నిలబడింది. 1965లో 'మంగమ్మ శపథం', 1984లో 'మంగమ్మగారి మనవడు' వచ్చాయి. రెండో దాంట్లో మంగమ్మ నాయనమ్మ అన్నది గమనించండి. అప్పటికే అది పెద్దవాళ్ళ పేరు అయిపోయింది. అలివేలు, మంగతాయారు అయితే హాస్యానికి పనికొచ్చే పేర్లయ్యాయి. ముందు చివరి 'అమ్మ'లు ఊడిపోయాయి, తరువాత పేర్లే ఊడిపోయాయి. రెండక్షరాలు, సంస్కృతంలా వినిపించాలి, ఇంటర్నెట్లో అర్థం దొరకాలి. ఈ మూడు పరీక్షల్లో అలివేలు మూడూ తప్పుతుంది.

మా ఇంట్లోనూ అదే జరిగింది. మా బాబాయి పెళ్ళి శుభలేఖలో నాయనమ్మ పేరు 'శ్రీమతి పద్మావతి' అని అచ్చువేయించారు. పట్నం సంబంధం, అలివేలమ్మ అంటే బాగోదని. అర్థం చూసుకుంటే పెద్ద మార్పేమీ కాదు, అదే తామర. కానీ ఆవిడ శుభలేఖ చదివించుకుని విని, "ఈవిడెవరు?" అని అడిగిందట. నవ్వుతూ అడిగిందో ఎలా అడిగిందో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు.

పోయినేడు మాకు అమ్మాయి పుట్టినప్పుడు ఈ పేరు పెడదామన్నాను. మా ఆవిడ ఆలోచిద్దాం అంది. ఫోన్లో మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"నీకేమైనా పిచ్చా నాన్నా? బళ్ళో ఏడిపిస్తారు పిల్లని."

"అమ్మా, ఇక్కడి పిల్లలకి ఏది పాత పేరో ఏది కొత్త పేరో ఏం తెలుసు? వాళ్ళకి లాస్య అయినా అలివేలు అయినా ఒకటే."

"వాళ్ళకి తెలీదు సరే, మనవాళ్ళకి తెలుసుగా!"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వాళ్ళు ఏటా పిల్లల పేర్ల జాబితా ఇస్తారు. ఏడాదిలో కనీసం 5 మందికి పెట్టిన పేర్లే అందులో చేరతాయి. మొదటి 1000 పేర్లలో మాయ ఉంది, అనిక ఉంది. అలివేలు ఎప్పుడూ లేదు. ఆ జాబితా చూసేవాడికి అలివేలు పాతదీ కాదు, మోటుదీ కాదు, అసలు లేనిది. ఆ పేరు మోటు అన్న లెక్క ఇక్కడి నేలలో లేదు. మనమే సూట్ కేసులో ఆవకాయతో పాటు తెచ్చుకున్నాం.

చివరికి ఇద్దరి మాటా నిలిచింది. పిల్లకి పిలిచే పేరు మా ఆవిడ, అమ్మ కలిసి ఎంచినది, రెండక్షరాలది. మధ్య పేరు మంగ. సర్టిఫికెట్ రాసే ఆవిడ ఐదు ఇంగ్లీషు అక్షరాలు తప్పు లేకుండా కొట్టి, దీనికి అర్థం ఏమిటని అడిగింది. పువ్వు మీది అమ్మాయి అనే మాటలో 'అమ్మాయి' అన్న ముక్క ఇది అని చెప్పాను. మిగతా ముక్క ఏమైంది అంది. ఇంట్లో పిలుచుకుంటాం అన్నాను. ఇప్పటికైతే పిలుస్తున్నది నేనొక్కణ్ణే.

మీ ఇళ్ళలోనూ ఒక నాంచారమ్మో, తాయారమ్మో, ఆండాళ్ళో, అలివేలమ్మో ఉండే ఉంటారు. ఆధార్ కార్డులో ఏముందో చూడకండి, అక్కడ ఎవరో గుమాస్తా రాసింది ఉంటుంది. ఆవిడనే అడగండి, చిన్నప్పుడు వాళ్ళమ్మ ఏమని పిలిచేదో, ఆ పేరు ఎవరి పేరని పెట్టారో. అడిగితే రెండు మూడు తరాల వెనక్కి తీసుకెళ్తారు. అడగడానికి ఆవిడ ఉన్నప్పుడే అడగండి.